పప్పన్నం ఒంట్లోకి వెళ్లి ఏమవుతుంది? వాతాపి కథ దగ్గర్నుంచి చెప్తాను

మీరు అడిగినవి మూడు. పదో తరగతి చదివే మీ అమ్మాయి, "పప్పన్నం తింటే అది నా ఒంట్లో కండ ఎలా అవుతుంది? శక్తి పొట్టలోనే పుడుతుందా?" అని అడిగిందన్నారు. మీ నాన్నగారికి గ్లాసుడు పాలు తాగితే కడుపు ఉబ్బి గుడగుడలాడుతోంది, పెరుగు మాత్రం పడుతోంది, ఎందుకని అడిగారు. ఆయన భోజనం కాగానే రెండు చెంచాల అరుగుదల సిరప్ తాగుతున్నారు, అది అవసరమా అని మూడోది. నేను ముప్పై ఏళ్లు వైద్య విద్యార్థులకు బయోకెమిస్ట్రీ పాఠం చెప్పి రిటైరయ్యాను. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, మొదటిది సరిగ్గా అర్థమైతే మిగతా రెండింటికీ మీరే జవాబు చెప్పుకోగలరు. అందుకే మొదటిదాని మీదే ఎక్కువసేపు ఉంటాను.

మన ఇళ్లలో పసిపిల్లకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారు కదా. ఆ కథ మీ అమ్మాయికి చెప్పే ఉంటారు. ఇల్వలుడు తన తమ్ముడు వాతాపిని మేకగా మార్చి, కోసి, వండి అతిథికి వడ్డించేవాడు. తిన్నాక "వాతాపీ, రా!" అని పిలిస్తే ముక్కలన్నీ అతుక్కుని, తిన్నవాడి పొట్ట చీల్చుకుని బయటికొచ్చేవాడు. అగస్త్యుడి దగ్గర మాత్రం ఆ పప్పులుడకలేదు. క్లాసులో నేను ఈ పాఠం ఎప్పుడూ ఈ కథతోనే మొదలుపెట్టేదాన్ని. ఎందుకంటే అందులో అసలు విషయం ఉంది. కోయడం, వండడం, నమలడం, ఇవేవీ వాతాపికి లెక్కలేదు. ముక్క ఎంత చిన్నదైనా అది ఇంకా వాతాపి ముక్కే. దాన్ని ఏ మేకది, ఏ కందిగింజది అని చెప్పలేనంతగా విడగొడితేనే అది జీర్ణమైనట్టు.

అంత దూరం ఎందుకు విడగొట్టాలి? నోటి నుంచి చివరిదాకా ఉన్న ఈ గొట్టం లోపలి భాగం, లెక్క ప్రకారం, ఒంటికి బయటే. పూసలో దారం దూరే కంత ఉంటుంది చూడండి, అది పూస లోపలున్నట్టే కనిపిస్తుంది గానీ పూసలో భాగం కాదు. అట్లాగే మింగిన ముద్ద ఇంకా మీలోకి రాలేదు. పేగు గోడ దాటితేనే వచ్చినట్టు. ఆ గోడలో ఉన్న దారులు అణువంత చిన్నవి. అన్నంలోని పిండి పదార్థం అంటే వందల నుంచి లక్ష దాకా గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండ. పప్పులోని ప్రోటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు రకరకాల వరసలో గుచ్చిన దండ. నెయ్యి దండ కాదు, ఒక గ్లిసరాల్ కొక్కేనికి మూడు కొవ్వు ఆమ్లాల తోకలు తగిలించినట్టు ఉంటుంది. వీటిలో ఏదీ ఉన్నదున్నట్టుగా ఆ దారుల్లో పట్టదు. దండ తెంపి పూసలు విడదీయాలి, తోకలు ఊడదీయాలి.

తెంపేది దేనితో? నిప్పుతో అనుకుంటాం. జఠరాగ్ని అనే మాట మనకు అలవాటు. కానీ పొట్టలో జరిగేది మంట కాదు, నీళ్లు. దండలో ప్రతి ముడి దగ్గరా ఒక నీటి అణువు దూరి, రెండుగా చీలి, అటో ముక్క ఇటో ముక్క అతుక్కుంటుంది. ముడి ఊడిపోతుంది. పుస్తకాల్లో దీన్ని జలవిశ్లేషణ అంటారు. మీ అమ్మాయికి లెక్కలంటే ఇష్టమైతే ఇది చేయించండి: పిండి పదార్థంలో ఒక్కో పూస బరువు 162, నీటి అణువు బరువు 18, విడిపోయిన గ్లూకోజ్ బరువు 180. అంటే ఒక భోజనంలోని 60 గ్రాముల పిండి పదార్థం పూర్తిగా అరిగితే సుమారు 67 గ్రాముల గ్లూకోజ్ వస్తుంది. అరిగాక బరువు పెరిగింది! కాలితే బూడిదై తగ్గాలి కదా. అరుగుదల అంటే కాలడం కాదని ఇంతకంటే తేలిగ్గా నేను చెప్పలేను. కాబట్టి "శక్తి పొట్టలోనే పుడుతుందా" అన్నదానికి జవాబు: కాదు. పొట్టలో చిల్లర మార్చడం మాత్రమే. ఖర్చు పెట్టేది వేరే చోట.

ఆ నీళ్లు ఊరికే పోసినా ముడి ఊడదు. పచ్చి బియ్యం నానబెట్టి చూడండి, గ్లూకోజ్ రాదు. నీటిని సరిగ్గా ముడి దగ్గర పెట్టి పని చేయించే మేస్త్రీలు ఎంజైమ్‌లు. ఒక్కో రకం ముడికి ఒక్కో మేస్త్రీ. ఈ మాట గుర్తుంచుకోండి, మీ నాన్నగారి పాల సంగతి దీనికే ముడిపడి ఉంది.

ఇప్పుడు పళ్లెం దగ్గరికి వద్దాం. అన్నం పని నోట్లోనే మొదలవుతుంది. రోజుకు లీటరు, లీటరున్నర లాలాజలం ఊరుతుంది, అందులో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దీన్ని కళ్లతో చూడొచ్చు. గంజి పల్చగా చేసి గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చి రెండు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోయండి. ఒకదాంట్లో చెంచాడు ఉమ్మి వేసి కలపండి. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగి రెండింట్లోనూ గాయాలకు పూసే అయోడిన్ మందు ఒక్కో చుక్క వేయండి. ఉత్త గంజి నీలం తిరిగి నల్లబడుతుంది. ఉమ్మి కలిపినదానికి ఆ రంగు రాదు, లేదా బాగా తగ్గుతుంది. పిండి పదార్థం దండ పొడుగ్గా చుట్టలు తిరిగి ఉంటేనే అయోడిన్ అందులో ఇరుక్కుని నీలం వస్తుంది. దండ తెగాక ఇరుక్కోవడానికి చోటుండదు. గంజి వేడిగా ఉన్నప్పుడు ఉమ్మి కలిపితే ఎంజైమ్ పాడైపోతుంది, వేడి మీద నీలం రంగు కూడా సరిగా రాదు, అందుకే గోరువెచ్చన అన్నాను. మూడో గ్లాసులో పులుపు వేసి చూడాలనిపిస్తే వెనిగర్ వేయండి, నిమ్మరసం వద్దు. నిమ్మలోని విటమిన్ సి అయోడిన్ రంగునే మింగేస్తుంది. కొత్తలో ఒకసారి నిండు క్లాసులో నిమ్మరసంతో చేసి, ఏ గ్లాసుకూ రంగు రాక నవ్వులపాలయ్యాను. చేసిన గ్లాసులన్నీ పారబోసి కడిగేయమనండి, ఎవరూ తాగకూడదు.

వెనిగర్ గ్లాసులో ఉమ్మి ఉన్నా నీలం వస్తుంది. పులుపులో అమైలేజ్ పనిచేయదు. జీర్ణాశయంలోకి దిగాక జరిగేది కూడా అదే. ముద్ద మధ్యలోకి ఆమ్లం ఇంకేదాకా అమైలేజ్ కాసేపు పని చేసుకుంటుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. అక్కడినుంచి పప్పు వంతు.

జీర్ణాశయంలో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పీహెచ్ 1.5, 2 దాకా దిగుతుంది, నిమ్మరసం కంటే ఘాటు. ప్రోటీన్ దండ మామూలుగా నూలు ఉండలా చుట్టుకుని ఉంటుంది. వండినప్పుడే చాలావరకు విప్పుకుంటుంది, మిగిలింది ఆమ్లం విప్పుతుంది. విప్పుకున్న దండను పెప్సిన్ అనే ఎంజైమ్ అక్కడక్కడా తెంపుతుంది. అన్ని ముళ్లూ కాదు, ఎంచుకున్నవి మాత్రమే. నిజానికి ప్రోటీన్ అరుగుదలలో పొట్ట వాటా తక్కువే. జబ్బు చేసి జీర్ణాశయం మొత్తం తీసేసినవాళ్లు కూడా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తింటూ బతుకుతారు, పప్పూ గుడ్డూ అరిగించుకుంటారు. వాళ్లకు తప్పనిసరైంది బి12 ఇంజెక్షన్. ఆ విటమిన్‌ను పేగు పట్టుకోవాలంటే జీర్ణాశయ గోడలో తయారయ్యే ఒక ప్రోటీన్ తోడు కావాలి. అది వేరెక్కడా తయారవదు.

అరుగుదల అంటే మంటా, మరలో రుబ్బినట్టు రుబ్బడమా, లేక రసాయనమా అన్న తగువు చాలాకాలం నడిచింది. తేలింది ఒక తుపాకి దెబ్బ వల్ల. 1822 జూన్ 6న అమెరికాలో మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా కూలీకి దగ్గర్నుంచి తుపాకి పేలి పొట్టకు తగిలింది. సైనిక డాక్టరు విలియం బోమంట్ వైద్యం చేశాడు. మనిషి బతికాడు గానీ కంత పూడలేదు, జీర్ణాశయంలోకి కిటికీలా ఉండిపోయింది. బోమంట్ పట్టుదారానికి మాంసం ముక్క కట్టి ఆ కంతలోంచి లోపలికి వదిలేవాడు, గంటకోసారి లాగి చూసేవాడు. ఆ రసాన్ని సీసాలోకి తీసి వెచ్చగా ఉంచి, అందులో మాంసం వేస్తే బయట కూడా అరిగింది. పొట్ట లేకుండానే! ఇలా 200 పైగా ప్రయోగాలు చేసి 1833లో పుస్తకం వేశాడు. సెయింట్ మార్టిన్ మాత్రం విసిగిపోయి మధ్యమధ్యలో ఊరెళ్లిపోయేవాడు. ఆయన పేదరికం లేకపోతే ఈ పుస్తకం ఉండేది కాదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ప్రోటీన్ అమైనో ఆమ్లాల దాకా తెగిపోతుందన్న మాట పట్టుకుంటే రోజూ వినే చాలా సంగతులు తేలిపోతాయి. షుగర్‌కు ఇన్సులిన్ సూదే ఎందుకు, మాత్ర వేసుకోవచ్చుగా అంటారు. ఇన్సులిన్ కూడా 51 అమైనో ఆమ్లాల ప్రోటీనే. మింగితే పొట్టకు అది ఇన్సులినో కందిపప్పో తేడా తెలియదు, తెంపేస్తుంది. మేక కాళ్ల పులుసు తాగితే మోకాళ్లలో గుజ్జు వస్తుందని మా ఆడపడుచు గట్టిగా నమ్ముతుంది. పులుసు రుచిగా ఉంటుంది, కాదనను. కానీ అందులోని జిగురు కూడా అమైనో ఆమ్లాలుగా, రెండుమూడు పూసల ముక్కలుగా విడిపోయే లోపలికి వెళ్తుంది. "మోకాలు, కేరాఫ్ ఫలానా" అని దాని మీద అడ్రసు ఉండదు. చర్మం మెరవడానికని వేలకు వేలు పోసి కొనే కొలాజెన్ పొడులు కూడా ముందు ఇదే దారిలో వెళ్లాలి. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందన్నది కూడా ఈ కోవలోదే. రక్తానికి కావలసింది రంగు కాదు, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12.

అసలు పని జరిగేది చిన్న పేగులో, అందులోనూ మొదటి భాగంలో. పొట్ట తన సరుకును కొద్దికొద్దిగా, గుటకలు గుటకలుగా కిందికి వదులుతుంది. నెయ్యి ఎక్కువైతే ఇంకా నెమ్మదిస్తుంది, అందుకే పెళ్లిభోజనం సాయంత్రం దాకా పొట్టలోనే ఉన్నట్టుంటుంది. కింద క్లోమం నుంచి రోజుకు లీటరుకు పైగా రసం వస్తుంది. ముందు దాంట్లోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని చంపుతుంది. అక్కడితో పెప్సిన్ పనైపోయింది, క్లోమం ఎంజైమ్‌ల పని మొదలైంది. పిండికి మళ్లీ ఒక అమైలేజ్, ప్రోటీన్‌కు ట్రిప్సిన్ దాని జట్టు, కొవ్వుకు లైపేజ్.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రోటీన్‌ను తెంపే ఎంజైమ్‌ను తయారుచేసే క్లోమం కూడా ప్రోటీన్‌తో కట్టిందే. మరి అది తనను తాను ఎందుకు తినెయ్యదు? ఆ ఎంజైమ్‌లను నిద్రలో ఉంచి పంపుతుంది. ట్రిప్సిన్ పుట్టినప్పుడు దాని మూతికి చిన్న చిక్కం లాంటి ముక్క ఉంటుంది. పేగు గోడ మీదున్న మరో ఎంజైమ్ ఆ చిక్కాన్ని ఊడదీస్తుంది. లేచిన ట్రిప్సిన్ మిగతావాటిని లేపుతుంది. ఈ లేపడం దారిలో, క్లోమంలోనే జరిగిపోతే అదే పాంక్రియాటైటిస్. విపరీతమైన కడుపునొప్పి వెన్నులోకి పాకుతుంది. సారాయి, పిత్తాశయంలో రాళ్లు దానికి పెద్ద కారణాలు. ఆ నొప్పితో వచ్చినవాళ్లను చూశాక, ఆ చిక్కం ఎంత అవసరమో పాఠంలో వేరే చెప్పక్కర్లేదు.

నెయ్యి దగ్గరికొస్తే, ఆవకాయ అన్నం కలిపిన చెయ్యి ఉత్త నీళ్లతో కడిగి చూడండి. నూనె వేళ్లకు అలాగే పట్టుకుని ఉంటుంది. లైపేజ్ నీళ్లలో తిరిగే ఎంజైమ్, నూనె చుక్క లోపలికి పోలేదు, పైపైన మాత్రమే కొరకగలదు. అందుకే కాలేయం పైత్యరసాన్ని పంపుతుంది. అందులోని లవణాలు సబ్బులా పనిచేసి పెద్ద చుక్కను వేల చిన్న చుక్కలుగా విడగొడతాయి. పైత్యరసం కొవ్వును "అరిగించదు", అరిగించడానికి వీలు చేస్తుంది. పరీక్షల్లో పిల్లలు ఎప్పుడూ తప్పు రాసేది ఇక్కడే. తర్వాత లైపేజ్ మూడు తోకల్లో రెండు ఊడదీస్తుంది. ఆ ముక్కలు పేగు గోడ కణాల్లోకి జారుకుంటాయి.

అక్కడ ఒక తమాషా జరుగుతుంది. లోపలికి దూరగానే ఆ కణాలు తోకల్ని మళ్లీ కొక్కేనికి తగిలించేస్తాయి! మొత్తం భోజనంలో వాతాపి లేచి కూర్చునేది ఇక్కడ ఒక్కచోటే. అయితే ఈసారి మన కణాలు తమ ప్రోటీన్ పొట్లంలో కట్టి, తామనుకున్న దారిన పంపుతాయి. ఆ పొట్లాలు రక్తనాళాల్లోకి దూరలేనంత పెద్దవి కాబట్టి శోషరస నాళాల్లోకి వెళ్లి, ఛాతీలోంచి పైకెక్కి, ఎడమ మెడ కింద ఉన్న సిర దగ్గర రక్తంలో కలుస్తాయి. 1622లో ఇటలీ వైద్యుడు గాస్పరే అసెల్లి బాగా మేపిన కుక్కను కోసినప్పుడు పేగుల మీద తెల్లటి దారాలు కనిపించాయి, గాటు పెడితే పాలలాంటిది కారింది. ఆయన చూసింది ఈ కొవ్వు పొట్లాలనే. మీరూ చూడొచ్చు: నేతి మిఠాయిలు తిన్న మూడు నాలుగు గంటలకు రక్తం ఇస్తే ల్యాబులో పైకి తేలే పసుపు ద్రవం పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. ట్రైగ్లిజరైడ్, అంటే ఈ మూడు తోకల కొవ్వు, పరీక్షకు పరగడుపున రమ్మనడం అందుకే.

అన్నం, పప్పు విషయానికొస్తే, క్లోమం వాటిని రెండు మూడు పూసల ముక్కల దాకా తెస్తుంది. చివరి ముడి ఊడదీసే ఎంజైమ్‌లు ద్రవంలో తిరగవు, పేగు గోడ మీదే పాతుకుని ఉంటాయి. రెండు గ్లూకోజ్ పూసల మాల్టోజ్‌కు ఒకటి, పంచదారకు ఒకటి, పాలచక్కెర లాక్టోజ్‌కు ఒకటి. ఆ గోడ అంతా మడతలు, మడతల మీద చూషకాలనే వేళ్లలాంటి మొలకలు, వాటి మీద ఇంకా సన్నని నూగు. విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత అని నేనూ ఇరవై ఏళ్లకు పైగా చెప్పాను. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచి ముప్పై, నలభై చదరపు మీటర్లే అని తేల్చారు. సగం బ్యాడ్మింటన్ కోర్టు అన్నమాట. పాత పుస్తకాల్లో ఇంకా టెన్నిస్ కోర్టే ఉంటుంది.

గోడలోని దారి ఒకటి దగ్గర్నుంచి చూద్దాం. గ్లూకోజ్ ఒక్కటే వస్తే ఆ తలుపు తియ్యదు. ఉప్పులోని రెండు సోడియం అయాన్లు పక్కనుంటేనే తీస్తుంది. మూడూ కలిసి లోపలికి వెళ్తే వాటి వెనక నీళ్లూ వెళ్తాయి. విరేచనాలతో పేగు నీళ్లు కక్కుతున్నప్పుడు కూడా ఈ తలుపు చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఈ ఒక్క తలుపు మీద నడుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చినప్పుడు, సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోసి తాగించి వేలమందిని కాపాడారు. పంచదార ఎక్కువైతే మేలనుకుని చేతికొచ్చినంత వేయకండి. ఎక్కువైన చక్కెర పేగులోనే ఉండిపోయి నీళ్లను వెనక్కి లాగుతుంది. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే.

గోడ దాటిన గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు నేరుగా గుండెకు వెళ్లవు, పోర్టల్ సిర ద్వారా ముందు కాలేయానికి వెళ్తాయి. ఇది ఎందుకు అవసరమో లెక్క చూడండి. పెద్దమనిషి ఒంట్లోని మొత్తం రక్తంలో ఏ సమయానికైనా ఉండే గ్లూకోజ్ ఐదు గ్రాములే, ఒక టీ చెంచాడు. భోజనం తెచ్చింది 67. అన్నీ ఒక్కసారి కలిస్తే ఏమవుతుందో షుగరున్న ఇంట్లో చెప్పక్కర్లేదు. ఇన్సులిన్ సైగ చేస్తే కాలేయం, కండరాలు ఆ గ్లూకోజ్‌ను మళ్లీ దండగా గుచ్చి గ్లైకోజెన్‌గా దాస్తాయి. కాలేయంలో వంద గ్రాములు, కండరాల్లో దానికి మూడు నాలుగింతలు పడుతుంది. మిగిలితే కొవ్వు.

"కండ ఎలా అవుతుంది" అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు తేలికే. కందిపప్పు ప్రోటీన్ ఏదీ కండలో చేరదు. పూసలు మాత్రమే చేరతాయి. మీ అమ్మాయి కండరం కణం, తన జన్యువుల్లో రాసి ఉన్న వరస ప్రకారం, ఆ పూసలతో తన దండ గుచ్చుకుంటుంది. ఇరవై రకాల్లో తొమ్మిదింటిని ఒళ్లు తయారుచేసుకోలేదు, తిండిలోనే రావాలి. వాటిలో పప్పుకు మెథియోనిన్ కొరత, బియ్యానికి లైసిన్ కొరత. ఒకదాంట్లో తక్కువైంది ఇంకోదాంట్లో ఉంది. పప్పన్నం కలిపిన మొదటి మనిషికి ఇవేమీ తెలియవు, అయినా లెక్క సరిపోయింది. ఎక్కువైన పూసల్ని దాచే గిడ్డంగి మాత్రం లేదు. వాటి నైట్రోజన్ యూరియాగా మారి మూత్రంలో పోతుంది.

ఇక శక్తి. నిప్పు అంటూ ఎక్కడైనా ఉందంటే అది దాదాపు ప్రతి కణంలోనూ ఉంది, అదీ మంట లేని నిప్పు. గ్లూకోజ్ అక్కడ మెట్టుమెట్టుగా విడిపోయి, కణం లోపలి మైటోకాండ్రియా అనే చిన్న అరల్లో ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరు అవుతుంది. ఒక్కో గ్లూకోజ్‌కు సుమారు ముప్పై ఏటీపీలు, అంటే శక్తిని మోసే అణువులు, వస్తాయి. కండరం కదలడానికి నేరుగా వాడుకునేది ఈ ఏటీపీనే. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండేది గ్రాముల లెక్కే గానీ, అదే విరిగి మళ్లీ కట్టుకుంటూ రోజు మొత్తంలో తిరిగేది దాదాపు మన బరువంత. రాత్రి తిన్న అన్నంలోని కార్బన్ చివరికి ముక్కులోంచి బయటికి పోతుంది. బరువు తగ్గినవాళ్ల కొవ్వు కూడా ఎక్కువ భాగం అలా ఊపిరిలోనే పోతుంది, చెమటలో కాదు.

కండరంలో ఏటీపీ ఉందని 1929లో చెప్పినవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. సుబ్బారావు ఇంట్లో స్ప్రూ అనే జబ్బు ప్రాణాలు తీసింది, ఆయనా దాంతో బాధపడ్డారు. స్ప్రూ అంటే ఇందాక చెప్పిన చూషకాలు చదునైపోవడం. మనిషి తింటూనే ఉంటాడు, పేగు దాటి ఏదీ సరిగా లోపలికి రాదు, ఎండిపోతాడు. తర్వాత లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అదే స్ప్రూకు మందయింది.

అరగనివి ఏమవుతాయో కూడా చెప్పాలి, మీ నాన్నగారు ఉన్నది అక్కడే. కూరగాయల పీచు ముళ్లు ఊడదీసే ఎంజైమ్ మనకు లేదు. పప్పుల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి, వాటి ముడికీ మన దగ్గర మేస్త్రీ లేడు. ఇవన్నీ పెద్ద పేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టుకుంటుంది. గ్యాస్ వస్తుంది, దాంతోపాటు పెద్ద పేగు కణాలకు తిండి అయ్యే చిన్న కొవ్వు ఆమ్లాలూ వస్తాయి. శనగలు నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఈ చక్కెరలు కొంత తగ్గుతాయి. చద్దన్నంలో కూడా, చల్లారేటప్పుడు దండలు కొన్ని మళ్లీ గట్టిగా అల్లుకుని అమైలేజ్‌కు లొంగకుండా ఇలా కిందికి దిగుతాయి.

పాలచక్కెర ముడి ఊడదీసే లాక్టేజ్ పసితనంలో దాదాపు అందరికీ ఉంటుంది. పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది, దక్షిణాదిలో మరీ మామూలు. గ్లాసు పాలలో పన్నెండు గ్రాముల దాకా లాక్టోజ్ ఉంటుంది. ముడి ఊడక అది కిందికి దిగి, నీళ్లను లాగి, బ్యాక్టీరియాకు విందవుతుంది. ఉబ్బరం, గుడగుడ, నీళ్ల విరేచనం. మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనికే సరిపోతున్నాయి. పెరుగులో తోడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేసింది, పైగా తన లాక్టేజ్‌ను వెంటబెట్టుకుని పేగులోకి వచ్చి అక్కడా పని చేస్తుంది. అందుకే పెరుగు పడుతోంది. ఇది పాల ఎలర్జీ కాదు, భయపడాల్సిన జబ్బూ కాదు.

ఆ సిరప్ సీసా వెనక చదవండి. చాలావాటిలో ఉండేవి డయాస్టేజ్, పెప్సిన్. డయాస్టేజ్ పిండిని తెంపుతుంది, పెప్సిన్ ప్రోటీన్‌ను. లాక్టోజ్ ముడి రెండింటికీ తెలియదు. పైగా మీ నాన్నగారు పొద్దునే గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటారని రాశారు. ఆ మాత్ర పని ఆమ్లాన్ని తగ్గించడం, పెప్సిన్ పనిచేయాలంటే కావలసింది ఆమ్లం. ఒకే సంచిలో రెండూ తెచ్చుకుంటున్నారన్నమాట. కొన్ని సిరప్‌లలో చక్కెర కూడా ఉంటుంది, షుగరుంటే అదీ చూసుకోవాలి. ఎంజైమ్ మందులు నిజంగా ప్రాణాధారమైనవాళ్లున్నారు, క్లోమం దెబ్బతిన్నవాళ్లు. వాళ్లకిచ్చేవి ఆమ్లానికి కరగని పూత వేసిన క్యాప్సూల్స్, డాక్టరు మోతాదు కట్టి భోజనంతోపాటు ఇస్తారు. ఆ సీసాకూ దీనికీ పోలిక లేదు.

రెండు వారాలు పాలు, పాలపొడి, పాల స్వీట్లు ఆపండి. పెరుగు, మజ్జిగ ఉంచండి. టీలో పడే కాసిని పాలు చాలామందికి ఇబ్బంది పెట్టవు గానీ, ఈ రెండు వారాలూ అవి కూడా వద్దు. కడుపు నెమ్మదిస్తే ఒకరోజు గ్లాసు పాలిచ్చి చూడండి, కొన్ని గంటల్లో తెలిసిపోతుంది. తేడా ఏమీ కనిపించకపోయినా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలున్నా, మలం జిడ్డుగా తేలుతూ నీళ్లు పోసినా పోకుండా ఉన్నా, ఈ వయసులో ఇంటి ప్రయోగాలు ఆపి గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. గ్యాస్ మాత్ర ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారో కూడా అప్పుడే చెప్పండి. దాన్ని కొనసాగించాలా వద్దా అన్నది ఆయన తేలుస్తారు.